నాయన పోసిన గ్లాసు

తల్లిదండ్రుల సమావేశంలో సాయన్న లేచి నిలబడ్డాడు. అతన్ని ఎవరూ మాట్లాడమని అడగలేదు.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక గల్లీలో ఉంది ఆ ఆడపిల్లల డిగ్రీ కాలేజీ. వేదిక మీద కెమిస్ట్రీ మేడం శేషారత్నం కొత్త నియమాలు చదువుతోంది. కాలేజీలోకి మత్తు రాకుండా ఒక కమిటీ వేశారు. అనుమానం వస్తే, పిల్ల ఒప్పుకుంటేనే మూత్రం పరీక్ష చేస్తారు. మొదటిసారి బయటపడితే కాలేజీ నుంచి పంపరు, పేరు బయటపెట్టరు. పిల్ల, ఇంట్లో పెద్దవాళ్లు కలిసి కౌన్సెలింగ్‌కు రావాలి. ఆ మత్తు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే సస్పెండ్ చేస్తారు, పరీక్షలు రాయనివ్వరు.

"గట్లయితె భయమెట్లుంటది మేడం?" అన్నాడు సాయన్న. "మొదటిసారి, రెండోసారి అనుకుంట లెక్కవెట్టుకుంట కూసుంటమా? దొరికితె టీసీ చేతుల వెట్టి ఎల్లగొట్టున్రి. గేటు కాడ బోర్డు మీద పేరు రాయున్రి. పెంచినోళ్లకు సిగ్గు రావాలె. ఇంట్ల పిల్ల ఏం తింటున్నదో, ఏం తాగుతున్నదో తెల్వనోడు తండ్రెట్లయితడు?"

చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి సఫారీ దుస్తుల మనిషి ఒకడు ముందుకొచ్చి సాయన్న చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మీ బాధ అర్థమైందండీ," అంది శేషారత్నం. "కానీ బోర్డు మీద పేరు రాస్తే ఆ పిల్ల ఇంక మన దగ్గరికి రాదు. ఎవరితో చెప్పుకుంటుంది చెప్పండి?"

సాయన్నకు మెత్తటి మాటలు గిట్టవు. జనగామ దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా బెత్తం కింద చదివాడు. ఆ బెత్తం తనకు మేలే చేసిందని అతని నమ్మకం. ట్రూప్ బజార్‌లో నల్లాలు, కమోడ్లు అమ్మే దుకాణంలో సేల్స్‌మన్‌గా తల నెరిసింది. అక్కడ కూడా కుర్రాళ్లను తిట్టడమే తప్ప మెచ్చుకున్నది లేదు.

ఆ సాయంత్రం నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలోని కిరాయి ఇంట్లో, తాను మాట్లాడిందంతా కూతురికి మళ్లీ చెప్పాడు.

"తెల్సు నాయనా. మా క్లాసోళ్లు వీడియో తీసిన్రు," అంది స్నేహలత.

"ఏమన్నరు?"

"మీ నాయన మస్తు మాట్లాడిండన్నరు."

మాట అతనితోనే గాని ఆమె చూపు అతని మీద లేదు. గుమ్మం పక్కన పెట్టిన సంచి మీద ఉంది. సాయన్న సంచిలోంచి కల్లు సీసాలు తీశాడు. తనకో గ్లాసు పోసుకున్నాడు. కూతురికో గ్లాసు పోశాడు.

అతని భార్య సునంద కేన్సర్‌తో పోయింది. తల్లి పోయాక స్నేహలతకు నిద్ర పట్టేది కాదు. కళ్లు తెరుచుకుని గోడకేసి చూస్తూ పడుకునేది. ఆ పిల్లతో ఏం మాట్లాడాలో సాయన్నకు తెలియలేదు. తన చిన్నప్పుడు జ్వరమొచ్చినా, వేడి చేసినా, నిద్ర పట్టకపోయినా తల్లి ఏం చేసేదో అది తెలుసు. ఈత కల్లు తాపేది. ఒకరోజు ఓ గ్లాసు పోసి ఇచ్చాడు. "తాగు బిడ్డా, ఒళ్లు చల్లవడ్తది." స్నేహలత తాగింది. మర్నాడు పొద్దెక్కేదాకా పడుకుంది.

సాయన్న తన మందు పనిచేసిందనుకున్నాడు. ఆ తర్వాత అది రోజూ అలవాటయింది. బిడ్డ పక్కన కూర్చుని చెయ్యాల్సిన పనిని గ్లాసుకు అప్పగించాడు. సారా అయితే తానే ముట్టడు. సిగరెట్ తాగేవాడిని దుకాణం మెట్ల మీద నిలబడనివ్వడు. కల్లు అతని లెక్కలో మత్తు కాదు, చెట్టు ఇచ్చిన పాలు. పల్లెలో అది నిజమే కావచ్చు. మూసీ పక్కన ఇనుప గేటు వెనక, డ్రమ్ముల్లో కలిపి సీసాల్లో నింపే కల్లు కాంపౌండులో ఏ చెట్టు ఉందో అతను ఎన్నడూ తల తిప్పి చూడలేదు.

పరీక్షలు దగ్గర పడుతున్న రోజుల్లో ఎక్సైజువాళ్లు వచ్చి ఆ కాంపౌండు మూయించారు. వారం తిరక్కుండానే సాయన్న చేతులు వణకడం మొదలైంది. చొక్కా చెమటతో తడిసిపోయేది. వాష్ బేసిన్ కొనడానికి వచ్చిన ముసలామెను ఊరికే కసిరాడు. ఇంట్లో స్నేహలత అన్నం ముద్ద కలపలేకపోయింది.

"వాన ముసురు పట్టింది, గందుకే," అన్నాడు. ఆ వారం వాన పడలేదు.

కాలేజీ నుంచి ఫోన్ వచ్చినప్పుడు అతను కౌంటర్ మీద నల్లాలు తుడుస్తున్నాడు.

ప్రిన్సిపాల్ లక్ష్మణరావు గదిలో స్నేహలత కుర్చీ అంచున కూర్చుని ఉంది. చేతులు తొడల కింద పెట్టుకుంది. శేషారత్నం మేడం మెల్లగా చెప్పింది. స్నేహలత ల్యాబ్‌లో బ్యూరెట్ గాజు గొట్టం పట్టుకోలేక పగలగొట్టింది. మెట్ల మీద కళ్లు తిరిగి పడబోయింది. పరీక్షకు తనే ఒప్పుకుంది. నిద్రమాత్రల్లో ఉండే మందు ఒంట్లో ఉన్నట్టు తేలింది. చాలా రోజులుగా తీసుకుంటున్నట్టుంది.

"ఎక్కడిదని అడిగితే చెప్పడం లేదండీ. అదొక్కటీ చెబితే చాలు, చదువుకేం ఇబ్బంది ఉండదు."

సాయన్న కూతురి ముందుకు వెళ్లాడు. "ఎవడిచ్చిండు?"

స్నేహలత తలెత్తి అతన్ని చూసింది. సూటిగా, చాలాసేపు చూసింది. తర్వాత తల దించుకుంది.

"చెప్పవేమే? ఎవడిచ్చిండు?" అంటూ చెంప మీద కొట్టాడు.

మేడం మధ్యలోకి వచ్చింది. "ఈ గదిలో చెయ్యెత్తకండి. అది కూడా మా నియమమే."

"ఏం నియమం మేడం? ఆ దినమే చెప్పిన. టీసీ ఇచ్చెయ్యున్రి. గిసుంటి బిడ్డ నాకొద్దు."

"టీసీ సంగతి తర్వాత," అన్నాడు ప్రిన్సిపాల్. "ఈ మందు అమ్మేవాడెవడో తెలియకపోతే రేపు ఇంకో పిల్లకు అమ్ముతాడు. మాకు కావాల్సింది వాడి పేరు."

అప్పుడు సాయన్నకు ఒక పేరు దొరికింది. తిట్టడానికి ఎవరో ఒకరు దొరక్కపోతే అతనికి నిలబడ్డానికి కాళ్లుండవు.

"మా గల్లీల మందుల దుకాణమున్నది సార్. బిచ్చయ్య అని. నా భార్య మంచాన పడ్డప్పటి సంది మా ఇంట్లకొస్తడు, పోతడు. నిద్రగోలీలు ఆయన కాడనే ఉంటయి. ఇంకెవడిస్తడు? ఆయనే."

"నాయనా!" అంది స్నేహలత. ఆ ఒక్క మాటే.

బిచ్చయ్య ముసలివాడు. సునందకు నొప్పి లేచినప్పుడల్లా దుకాణం షట్టరు దించి, సూది పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషి. ఆమెను ఎత్తిన రోజు పాడె పట్టిన నలుగురిలో ఒకడు. ఇవన్నీ సాయన్నకు గుర్తున్నాయి. గుర్తుండే ఆ పేరు చెప్పాడు.

"రేపు పొద్దున్న కమిటీ కూర్చుంటుంది," అన్నాడు ప్రిన్సిపాల్. "అది కాగానే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు పంపుతాం. అమ్మాయి హాల్ టికెట్‌కు ఢోకా లేదు."

గుమ్మం దగ్గర శేషారత్నం అతన్ని ఆపింది. "ఇలాంటి మందు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయండీ. రేపు డాక్టర్‌గారు కూడా వస్తారు. ఈలోగా వణుకు ఎక్కువైతే నాకు ఫోన్ చెయ్యండి, ఎప్పుడైనా సరే."

కూతుర్ని ఇంటి దగ్గర దింపి సాయన్న నేరుగా మూసీ పక్కకు వెళ్లాడు. ఆ రోజే కాంపౌండు మళ్లీ తెరిచారు. లోపల బెంచీలన్నీ నిండిపోయాయి. అతని ఊరివాడే, ఆటో నడిపే ఎల్లేష్, చోటిచ్చాడు.

"రా బావా, రా. ఏందే మొకం గట్ల వెట్టినవ్? నీ దుకాణంల కమోడ్ పలిగిందా?"

పక్కవాళ్లు నవ్వారు.

"వారం సంది నా అవస్థ చూడాలె," అన్నాడు ఎల్లేష్. "ఆటో హ్యాండిల్ వట్టుకుంటె నా చేతులాడుతున్నయా, బండే ఆడుతున్నదా తెల్వకపాయె. ఒక సవారీ ఆమె మొక్కుకుంట కూసున్నది."

"ఎందుకు మూయించిన్రు?" అని అడిగాడు సాయన్న.

"పౌడరు దొరికింది."

"ఏం పౌడరు?"

"ఏం పౌడరంటవేందే? నిద్రగోలీల పౌడరు. పట్నంల గిన్ని సీసాలకు ఈత చెట్లేడికెళ్లి వస్తయ్? అసెంబ్లీ ముంగట గీస్తున్నరా?"

బెంచీ అంతా గొల్లుమంది. ఎల్లేష్ అతని గ్లాసు నింపాడు. "మస్తుగ తెల్సు గని తెల్వనట్టే అడుగుతవ్. నువ్వు పెద్ద మనిషివిలే."

తెలుసు. ఇలాంటి మాటలు ఆ బెంచీల మీద ఎన్నోసార్లు విన్నాడు. విని, చెవి దాకానే రానిచ్చాడు. చెంప మీద దెబ్బ తిన్న పిల్ల తనవైపు అంతసేపు ఎందుకు చూసిందో ఇప్పుడు అర్థమైంది. గ్లాసు చేతిలోనే ఉంది.

అతను దాన్ని కింద పెట్టలేదు. తాగాడు. చేతుల వణుకు ఆగింది. అలవాటుగా ఇంకో సీసా కొని సంచిలో పెట్టుకున్నాడు.

ఇంట్లో స్నేహలత పుస్తకం తెరిచి కూర్చుంది. చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"బిచ్చయ్య తాతనెందుకన్నవ్?"

సాయన్న చెప్పులు విప్పుతూ ఉండిపోయాడు.

"అమ్మకు సూదులేసిన మనిషిని. దుకాణం సీలేస్తరు. ముసలోన్ని స్టేషన్ల కూసోవెడ్తరు. ఎందుకన్నవ్?"

"నీకెప్పటి సంది తెల్సు?" అన్నాడు.

"కాంపౌండు బందయినంక. నీ చేతులు, నా చేతులు ఒక్కతీరుగ ఆడవట్టె. ఫోన్ల చూస్తె అంత తెల్సిపాయె."

"తెల్సినంక చెప్పొద్దా మరి?"

"ఎవరికి చెప్పాలె? మా నాయన పోసిండని చెప్పాల్నా?" గొంతు పెరగలేదు. "నువ్వు మీటింగుల గంత మాట్లాడితివి. తండ్రెట్లయితడు అంటివి. అందరు చప్పట్లు కొట్టిరి. గా వీడియో ఇంక మా గ్రూపులనే ఉన్నది. మా నాయనే పోసిండంటే నిన్ను జూసి నవ్వరా?"

సాయన్న మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"రేపు పోయి బిచ్చయ్య తాత కాదని చెప్త," అంది.

"మరెవరంటవ్?"

"ఎవరని చెప్ప. సస్పెండ్ చేస్తరు, చెయ్యనీ."

"పరీక్షలు?"

"పోతయ్."

స్టేషన్‌లోంచి రైలు కూత వినిపించి ఆగిపోయింది. తర్వాత స్నేహలత పుస్తకంలోకే చూస్తూ అడిగింది.

"సీసా తెచ్చినవా?"

ఆ మాట అడగడానికి ఆ పిల్ల ఎంత కుచించుకుపోయిందో సాయన్న చూశాడు. పేజీ మీద పెట్టిన వేళ్లు పేజీతో సహా కదులుతున్నాయి. సంచి తీసి గ్లాసులో సగం పోశాడు. పోస్తూ, "మేడమే అన్నది, ఒక్కసారే మానొద్దని," అన్నాడు.

స్నేహలత నవ్వింది. "ఇప్పుడు మేడం మాట మంచిగనిపిచ్చిందా నాయనా?"

గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. అతను గోడకేసి తిరిగాడు.

పొద్దున్న స్నేహలత ముందే వెళ్లిపోయింది. సాయన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గల్లీలోకి వచ్చేసరికి బిచ్చయ్య దుకాణం ముందు నీళ్లు చల్లుతున్నాడు.

"సాయన్నా, జర ఆగు," అన్నాడు. "పాప మొన్న రోడ్డు మీద కనవడ్డది. చేతులు వణుకుతున్నయ్. చక్కెర గిట్ల తక్కువైందేమో. తీస్కరా, చూస్త. ఫికర్ చెయ్యకు."

"ఔ," అన్నాడు సాయన్న. నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా ఆటో ఎక్కకుండా నడిచాడు. దారి పొడవునా ఒకటే లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే తన పరువు నిలుస్తుంది. స్నేహలత కాదని చెప్పినా, భయపడి కాదంటోందని తాను గట్టిగా అనొచ్చు. తండ్రి మాటే నమ్ముతారు. కూతురి చదువూ నిలుస్తుంది. పోయేది ఒక ముసలివాడి దుకాణం. పోస్టాఫీసు దాకా వచ్చినా ఆ లెక్క అతనికి బాగానే కనిపించింది.

ప్రిన్సిపాల్ గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల స్నేహలత గొంతు.

"బిచ్చయ్య తాత కాదు సార్. మా నాయన కోపంల అన్నడు. ఆయనకేం తెల్వదు."

"మరి ఎవరమ్మా?"

"చెప్పలేను సార్."

"చెప్పకపోతే పరీక్షలు రాయలేవు. తెలుసు కదా?"

"తెల్సు సార్. సస్పెండ్ చెయ్యున్రి. మా నాయనకు మాత్రం ఏం తెల్వదు."

ఆమె ఆ మాట రెండోసారి అంది. సాయన్న తలుపు తోశాడు.

లోపల లక్ష్మణరావు, శేషారత్నం, నెరిసిన గడ్డంతో డాక్టర్ రవిచంద్ర. ముగ్గురూ తలలు తిప్పారు. స్నేహలత తిప్పలేదు.

"నేనే పోసిన సార్," అన్నాడు.

"ఏం పోశారు?" అన్నాడు ప్రిన్సిపాల్, నిజంగానే అర్థంకాక.

ఒక్క మాటతో అయిపోతుందనుకున్నాడు సాయన్న. కాలేదు. ఒక్కొక్కటీ అడిగారు. ఒక్కొక్కటీ చెప్పాల్సి వచ్చింది.

"కల్లు."

"ఎంతకాలం నుంచి?"

"దాని తల్లి పోయిన కాడ్నుంచి. నిద్ర పడ్తలేదని."

"ఎక్కడి కల్లు?"

మూసీ పక్కన కాంపౌండు పేరు చెప్పాడు.

"మీరూ తాగుతారా?" అన్నాడు డాక్టర్.

"అప్పుడప్పుడు."

స్నేహలత అప్పుడు తలెత్తింది.

"రోజూ," అన్నాడు సాయన్న.

ఎవరూ తిట్టలేదు. ప్రిన్సిపాల్ ఏదో అనబోయాడు. "ఆ రోజు మీటింగులో మీరే కదా..." మేడం అతన్ని చూపుతో ఆపింది. సాయన్నకు ఆ మాట పూర్తయినా బాగుండేదనిపించింది. తిట్టు అయితే ఎదురు చెప్పొచ్చు. కాగితాలు సర్దుతున్న చప్పుడుకు ఏం ఎదురు చెబుతాడు?

"బిచ్చయ్య పేరు..." అన్నాడు.

"ఇంకా పంపలేదండీ. పంపం," అంది శేషారత్నం. "స్నేహలత పరీక్షలు రాస్తుంది. మీరిద్దరూ డాక్టర్‌గారి దగ్గరికి కలిసి రావాలి. మందు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. ఇంక ఇంట్లో మీరు పొయ్యకూడదు. మీరు తాగుతుంటే ఆ పిల్ల మానలేదు. అందుకని మీకూ పరీక్ష చెయ్యాలి. ఒప్పుకుంటేనే."

ఆ రోజు మీటింగులో మేడం ఆ నియమం చదివినప్పుడు అతను నవ్వుకున్నాడు. పిల్ల ఒప్పుకుంటేనేనట.

"ఒప్పుకుంట," అన్నాడు.

ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చారు. వరండా చివర బాత్‌రూం. మోసం జరక్కుండా తలుపు తీసి ఉంచాలని నియమం. వాచ్‌మన్ బయట అటు తిరిగి నిలబడ్డాడు. లోపలి నల్లా తన దుకాణంలో అమ్మే రకమే. కారుతోంది. సాయన్న ఆ నల్లా వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. చేతులు వణికి డబ్బా అంచు తడిసింది. కూతురు కూడా నిన్న ఇక్కడే, ఇలాగే, తలుపు తెరిచి నిలబడింది. చెంపదెబ్బ దానికి తర్వాత పడింది.

డబ్బా ఇచ్చేసి వరండాలో బెంచీ దగ్గరికి వచ్చాడు. స్నేహలత అక్కడ కూర్చుని ఉంది. పక్కన ఆమె పుస్తకాల సంచి. అతను సంచికి ఇవతల కూర్చున్నాడు.

మెట్లెక్కి వస్తున్న మనిషి ఆగి, చెయ్యి చాపాడు. సఫారీ దుస్తులు.

"నమస్తే సాబ్! గుర్తువట్టిన్రా? ఆ దినం మీటింగుల మస్తు మాట్లాడిన్రు. కమిటీల తీస్కున్నరా మిమ్మల్ని?"

సాయన్న లేచి నిలబడ్డాడు. చెయ్యి ఇంకా తడిగానే ఉంది. ప్యాంటుకు తుడుచుకున్నాడు గాని చాపలేదు.

"లే. తీస్కోలే."

"అట్లనా? తీస్కోవాలె. మీ అసుంటోళ్లే కావాలె. మరి బోర్డు మాటేమైంది? పేర్లు రాస్తున్నరా?"

స్నేహలత కాళ్ల వేళ్ల వైపు చూస్తోంది. ఆమె మెడ బిగుసుకుపోవడం పక్కనుంచి కనిపిస్తోంది. అవును కాదు అని ఏదో ఒకటి అంటే ఆ మనిషి వెళ్లిపోతాడు.

"రాయరట," అన్నాడు సాయన్న. "రాస్తె మొదాలు నా పేరే రాయాలె. నా బిడ్డకు నేనే తాపిన. ఇప్పుడే పరీక్షిచ్చి వచ్చిన."

సఫారీ మనిషి నవ్వబోయి ఆగాడు. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. "సరే మరి, హాల్ టికెట్ పనుండె," అని గోడ పక్క నుంచి దాటిపోయాడు. వరండా మలుపులో ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

సాయన్న కూర్చున్నాడు. మధ్యలో సంచి అలాగే ఉంది. కొంతసేపటికి డాక్టర్ గదిలోంచి ఇద్దరి పేర్లూ పిలిచారు, ముందు అతనిది.